వరుసలో మన చోటెక్కడ?

అరకు, అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట, పాడేరు వైపు నుంచి వింటున్నవాళ్ళని మనసులో పెట్టుకుని ఈ మాటలు చెప్తున్నాను. మన కొండ ప్రాంతం పిల్లలు ఇంటరో డిగ్రీయో అవగానే ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం వెళ్తున్నారు. పెద్ద మాల్స్‌లో, సినిమా హాళ్ళలో పనికి కుదురుతున్నారు. అదే పిల్లల ఫోన్లలో ఇప్పుడు షేర్లు కొనే యాప్‌లు కూడా ఉంటున్నాయి. అంటే ఒకే కంపెనీ మన ఇంటికి రెండు దారుల్లో వస్తోంది. ఒక దారిలో వచ్చి ఉద్యోగం ఇస్తానంటుంది. ఇంకో దారిలో వచ్చి మన పొదుపు డబ్బు అడుగుతుంది.

సినిమా అంటే మనకి ప్రాణం. అందుకే సినిమా కంపెనీ అనగానే మనసు ముందు పరిగెడుతుంది. హీరో మీద ఉన్న అభిమానం కంపెనీ మీద నమ్మకం అయిపోతుంది. ఆ రెండిటినీ విడదీసి చూడాలి. ఇవాళ ఒక పెద్ద వినోద సంస్థని అలా చూద్దాం.

దాని పేరు పివిఆర్ ఐనాక్స్. విశాఖలో వరుణ్ బీచ్ దగ్గర, మద్దిలపాలెం సిఎంఆర్ సెంట్రల్‌లో ఐనాక్స్ బోర్డు మీరు చూసే ఉంటారు. ఆ సంస్థే. దేశం మొత్తం మీద, శ్రీలంకతో కలిపి, 1,700 పైగా తెరలున్న కంపెనీ. మన దేశంలో సినిమా హాళ్ళు నడిపేవాళ్ళలో ఇంత పెద్దది ఇంకొకటి లేదు.

ఈ కంపెనీ గురించి మనం అడగాల్సింది ఒక్కటే ప్రశ్న. డబ్బు లోపలికి వచ్చాక, అది ఎవరి చేతికి ముందు వెళ్తుంది? ఎవరి చేతికి ఆఖర్న వెళ్తుంది? ఆ వరుసలో మన చోటెక్కడ? ఈ మాట గుర్తు పెట్టుకోండి. వరుసలో మన చోటెక్కడ?

మన కాఫీ తోట లెక్క తీసుకుందాం. మీకు రెండెకరాల తోట ఉందనుకోండి. నవంబరు వచ్చింది. పండు ఎర్రబడింది. పండు ఏరడానికి కూలీలని పిలిచారు. వాళ్ళకి కూలి ఇవ్వాల్సిందే. ఈ ఏడు ధర బాగున్నా, బాగోకపోయినా, కూలి కూలే. తర్వాత అప్పు తెచ్చిన చోట కట్టాలి. పండు తొక్క తీయించిన ఖర్చు, గోనెలు, జీపు కిరాయి ఇవ్వాలి. ఇవన్నీ పోగా మిగిలిందే తోట యజమానిది. ధర బాగా పలికిన ఏడు ఆ మిగులు నిండుగా ఉంటుంది. ధర పడిన ఏడు ఏమీ మిగలదు. ఒక్కోసారి చేతి నుంచే పడుతుంది.

కంపెనీలో జీతానికి పనిచేసేవాడిది కూలి చోటు. వరుసలో ముందు. షేరు కొన్నవాడిది తోట యజమాని చోటు. వరుసలో ఆఖరు. లాభం పొంగితే ఆ పొంగు షేరు కొన్నవాడిదే. మిగలకపోతే ఆ ఖాళీ కూడా అతనిదే. ఇందులో ఒకటి మంచిది, ఇంకోటి చెడ్డది అని లేదు. ఎక్కడ నిలబడ్డామో తెలిసి నిలబడాలి.

ఇప్పుడు కంపెనీ కథ కొంచెం. ఢిల్లీ వసంత్ విహార్‌లో ప్రియ అని ఒక సినిమా హాలు ఉండేది. బిజిలీ కుటుంబానిది. అజయ్ బిజిలీ 1995లో ఆస్ట్రేలియాకి చెందిన విలేజ్ రోడ్‌షో అనే సంస్థతో చేతులు కలిపారు. ప్రియ, విలేజ్, రోడ్‌షో. ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలే పివిఆర్. 1997లో ఢిల్లీ సాకేత్‌లో నాలుగు తెరల హాలు తెరిచారు. మన దేశంలో మల్టీప్లెక్సుల కాలం అక్కడ మొదలైంది. 2006 మొదట్లో కంపెనీ షేరు బజారుకి వచ్చింది. షేరు 225 రూపాయలకి అమ్మారు. ఐనాక్స్ వేరే కుటుంబం పెట్టిన వేరే కంపెనీ. అది కూడా అదే ఏడాది బజారుకి వచ్చింది. రెండూ ఏళ్ళ తరబడి పోటీ పడ్డాయి. 2023 ఫిబ్రవరిలో ఒక్కటయ్యాయి. ఈ రెండు కుటుంబాల వాటా కలిపినా కంపెనీలో మూడో వంతు కూడా లేదు. మిగతాదాంట్లో చాలా భాగం మ్యూచువల్ ఫండ్లది, విదేశీ సంస్థలది, మామూలు జనానిది.

కథ అంతవరకు చాలు. డబ్బు దగ్గరికి వద్దాం.

ఒక టికెట్ చేతిలో పట్టుకుని చూద్దాం. హాలు వాళ్ళ ధర 200 రూపాయలు అనుకోండి. దాని మీద 18 శాతం పన్ను. అంటే 36 రూపాయలు. మీ జేబులోంచి మొత్తం 236 రూపాయలు వెళ్తాయి. ఆ 36 ప్రభుత్వానికి. వరుసలో మొదటి చేయి అది. ఇక 200 మిగిలింది. ఇందులో సినిమా తీసినవాళ్ళకి, పంపిణీ చేసినవాళ్ళకి వాటా ఉంటుంది. హిందీ సినిమాల విషయంలో ఈ వాటా కోసం 2009లో పెద్ద గొడవ జరిగింది. సినిమావాళ్ళు రెండు నెలల పాటు మల్టీప్లెక్సులకి కొత్త హిందీ సినిమాలు ఇవ్వడం ఆపేశారు. చివరికి ఒప్పందం కుదిరింది. మొదటి వారం సగం. రెండో వారం నలభై రెండున్నర శాతం. మూడో వారం ముప్ఫై ఏడున్నర. ఆ తర్వాత ముప్ఫై. ఆ లెక్కన మొదటి వారంలో మన 200 రూపాయల్లో 100 సినిమావాళ్ళకి వెళ్ళిపోతుంది. వరుసలో రెండో చేయి.

తెలుగు నేల మీద కూడా ఈ వాటా గొడవ ఉంది. 2025 మే నెలలో హాళ్ళు నడిపే మన ఎగ్జిబిటర్లు, హాలుకి ఇంత అని ఇచ్చే అద్దె పద్ధతి వద్దు, టికెట్ డబ్బులో శాతం పద్ధతి కావాలని పట్టుబట్టారు. హాళ్ళు మూసేస్తామన్న మాట దాకా వెళ్ళింది. అప్పుడు పేపర్లో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అది కూడా వరుస గురించిన తగువే.

సరే, హాలు కంపెనీ చేతిలో 100 మిగిలింది. ఇందులోంచి మాల్ యజమానికి అద్దె. కరెంటు బిల్లు. ఏసీ నడవాలి, జనం పదిమంది వచ్చినా వంద మంది వచ్చినా. సిబ్బంది జీతాలు. బ్యాంకు వడ్డీ. ఇవన్నీ అయ్యాకే షేరు కొన్నవాడి వంతు.

మరి ఇలా అయితే కంపెనీ ఎలా బతుకుతోంది? మొక్కజొన్న పేలాలతో. అవును, పాప్‌కార్న్‌తో. పాప్‌కార్న్ డబ్బులో నిర్మాతకి వాటా లేదు. 2023-24లో ఈ కంపెనీ హాళ్ళకి వచ్చిన మనిషి సగటున టికెట్‌కి దాదాపు 260 రూపాయలు పెడితే, తిండికి, కూల్‌డ్రింక్‌కి 130 రూపాయలు పెట్టాడు. అంటే టికెట్‌లో సగం. సరుకు ఖర్చు పోతే అందులో చాలా భాగం హాలుకే మిగులుతుంది. తెర మీద వేసే ప్రకటనల డబ్బు కూడా అలాంటిదే. అందుకే కౌంటర్ దగ్గర పనిచేసే మన పిల్లాడిని, పెద్ద సైజు తీసుకోమని ప్రతి కస్టమర్‌నీ అడగమంటారు. ఆ మాట కంపెనీ బతుకుతెరువు. పనిలో చేరేవాళ్ళకి ఈ సంగతి తెలిసి ఉంటే, మేనేజరు దాని మీద ఎందుకంత పట్టుబడతాడో అర్థమవుతుంది.

ఇప్పుడు షేరు కొనేవాడి కళ్ళతో చూద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే పొదుపు డబ్బు మన ఇళ్ళలో తేలిగ్గా పోగయ్యేది కాదు.

2022-23లో ఈ కంపెనీ నష్టం దాదాపు 335 కోట్లు. 2023-24లో నష్టం దాదాపు 32 కోట్లు. 2024-25లో మళ్ళీ దాదాపు 280 కోట్ల నష్టం. వరసగా మూడేళ్ళు. ఒక మాట న్యాయంగా చెప్పాలి. మాల్స్‌తో చేసుకున్న ఏళ్ళ తరబడి అద్దె ఒప్పందాలని లెక్క రాసే పద్ధతి ఒకటుంది. దానివల్ల నష్టం పెద్దదిగా కనపడుతుందని కంపెనీ ఇంకో లెక్క కూడా ఇస్తుంది. ఆ రెండో లెక్కలో 2023-24లో నష్టం పోయి లాభం కనపడింది. కానీ 2024-25లో ఏ లెక్క చూసినా నష్టమే. కాబట్టి ఎవరైనా ఒక అంకె చెప్తే, ఏ లెక్క అని అడగండి.

ఎందుకీ ఎగుడుదిగుడు? హాలు కంపెనీ చేతిలో సినిమా లేదు. సినిమా ఇంకొకరు తీస్తారు. అది ఆడితే వీళ్ళ హాలు నిండుతుంది. మారేడుమిల్లి అడవుల్లో తీసిన పుష్ప సినిమా మీకు తెలుసు. దాని రెండో భాగం 2024 డిసెంబరులో వచ్చింది. ఆ డిసెంబరుతో ముగిసిన మూడు నెలల్లో పివిఆర్ ఐనాక్స్‌కి లాభం వచ్చింది. ఆ తర్వాతి మూడు నెలల్లో, జనవరి నుంచి మార్చి దాకా, 120 కోట్లు దాటిన నష్టం వచ్చింది. హాళ్ళు అవే. సిబ్బంది అదే. అద్దె అదే. జనాన్ని రప్పించే సినిమాలు తగ్గాయి, అంతే. 2023-24లో వీళ్ళ హాళ్ళకి 15 కోట్ల పైచిలుకు మంది వచ్చారు. తర్వాతి ఏడు ఆ సంఖ్య 14 కోట్ల లోపుకి పడిపోయింది. దేశమంతా హాళ్ళున్న కంపెనీ లాభం మన తెలుగు సినిమా ఒకటి ఆడడం మీద ఆధారపడిందంటే నాకు గర్వంగానే ఉంటుంది. కానీ ఆ గర్వంతో పొదుపు డబ్బు పెట్టకూడదు.

ప్రభుత్వం మాట కూడా ఒకటుంది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో టికెట్ ధరలు బాగా తగ్గించింది. పల్లెల్లో అతి తక్కువ టికెట్ 5 రూపాయలు. 2022 మార్చిలో కొత్త జీవోతో మళ్ళీ మార్చారు. ప్రేక్షకుడిగా మనకి ధర తగ్గితే సంతోషం. షేరు కొన్నవాడికి ఆ తగ్గిన ప్రతి రూపాయీ తన చోటుకి వచ్చేసరికి కరిగిపోయిన రూపాయి. ఎందుకంటే అతను ఆఖర్న ఉన్నాడు. అద్దె తగ్గదు. కరెంటు తగ్గదు.

మంచి సంగతి కూడా చెప్తాను. కంపెనీ అప్పు తగ్గిస్తోంది. రెండు కంపెనీలు కలిసేనాటికి చేతిలో ఉన్న డబ్బు పోగా 1,430 కోట్ల దాకా ఉన్న అప్పు, 2025 మార్చికి 950 కోట్ల దగ్గరికి వచ్చింది. బాగా ఆడని తెరలు మూసేస్తోంది. కొత్త హాళ్ళలో పెట్టుబడి కొంత మాల్ యజమానులతోనే పెట్టిస్తోంది. బ్యాంకు వరుసలో షేరు కొన్నవాడికన్నా ముందుంటుంది కదా. ముందున్నవాళ్ళకి ఇవ్వాల్సింది తగ్గితే, వెనకున్నవాడికి ఆశ పెరుగుతుంది. మొదట్లో 225 రూపాయలకి కొని ఓపిగ్గా ఉంచుకున్నవాళ్ళ డబ్బు కొన్ని రెట్లు పెరిగిన మాట కూడా నిజం.

ఇక ఉద్యోగం. వరుసలో మన చోటెక్కడ? జీతగాడు ముందున్నాడు అని చెప్పాను. కానీ ఒక షరతు ఉంది. ఏ కంపెనీ జీతగాడు?

మల్టీప్లెక్సులో రకరకాల పనులుంటాయి. టికెట్ కౌంటరు, తిండి కౌంటరు, సీటు చూపించడం, ప్రొజెక్షను, హాలు ఊడ్చడం, కాపలా. అందరూ ఒకే రంగు టీషర్టు వేసుకోవచ్చు. అందరి జీతం ఒకే చోటు నుంచి రాదు. మన వైపు మాల్స్‌లో ఊడ్చే పని, కాపలా పని చాలా వరకు కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. అప్పుడు పిల్లాడు పెద్ద కంపెనీలో పనిచేస్తున్నాడని ఊళ్ళో చెప్పుకుంటాం. కాగితం మీద అతను కాంట్రాక్టరు మనిషి. కంపెనీ కాంట్రాక్టరుకి డబ్బిస్తుంది. కాంట్రాక్టరు పిల్లాడికి ఇవ్వాలి. వరుసలో ఇంకో చేయి అడ్డం వచ్చింది.

అందుకే మొదటి నెల పే స్లిప్పు చేతికి రాగానే పైన రాసిన పేరు చదవండి. ఎవరి పేరుంది? తర్వాత కోతలు చదవండి. ఉదాహరణకి మొత్తం జీతం 14,000, అందులో బేసిక్ 12,000 అనుకోండి. పీఎఫ్ కింద బేసిక్‌లో 12 శాతం, అంటే 1,440 రూపాయలు కోస్తారు. అంతే మొత్తం యజమాని కూడా కట్టాలి. ఉద్యోగుల వైద్య బీమా ఈఎస్ఐ కింద మొత్తం జీతం మీద 105 రూపాయలు కోస్తారు. యజమాని 455 కట్టాలి. జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ. విశాఖ మల్కాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఆ కార్డు మీద, ఉద్యోగి సంపాదన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకి కూడా వైద్యం దొరుకుతుంది. కొండ మీదున్న అమ్మకి, నాన్నకి ఆ 105 రూపాయలు ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

కోసిన డబ్బు జమ అవుతోందా లేదా అన్నది పీఎఫ్ పాస్‌బుక్‌లో కనపడుతుంది. మీ యూఏఎన్ అనే పీఎఫ్ నంబరుతో ఫోన్లోనే చూసుకోవచ్చు. ఇక్కడ మన ప్రాంతం పిల్లలకి ఒక చిక్కు ఎక్కువ. ఇంటిపేరు పాంగి అనో, కొర్రా అనో, వంతల అనో ఒక్కోసారి ఆధార్‌లో ముందు పడుతుంది. టెన్త్ సర్టిఫికెట్లో వెనక పడుతుంది. ఒక్క అక్షరం తేడాకి పీఎఫ్ డబ్బు ఆగిపోవచ్చు. ఉద్యోగంలో చేరకముందే ఆ రెండు కాగితాల్లో పేరు ఒకేలా చేయించుకోండి.

ఇంకో సంగతి. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. పనిలో పెట్టుకునే ప్రతివాళ్ళకీ నియామక పత్రం ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడొద్దు.

సెలవుల మాట కూడా ముందే అడగాలి. సినిమా హాలుకి మనుషులు ఎక్కువ కావాల్సింది పండగలకే. సంక్రాంతికి పెద్ద సినిమాలు వస్తాయి. వేసవి సినిమాల కాలంలోనే మన ఇటుకల పండగ వస్తుంది. ఊరంతా థింసా ఆడుతుంటే పిల్లాడు విశాఖలో ఆఖరి ఆట అయ్యేదాకా నిలబడి ఉంటాడు. ఆట అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ వేళప్పుడు గదికి ఎలా వెళ్తారు, ముఖ్యంగా ఆడపిల్లలు, వాహనం కంపెనీ పెడుతుందా? ఈ ప్రశ్న చేరేరోజునే అడగండి. జీతం అంకెతో సమానమైన ప్రశ్న అది.

ఇప్పుడు అసలు మాటకి వచ్చాను. 2020 మార్చిలో కరోనాతో హాళ్ళన్నీ మూతపడ్డాయి. అక్టోబరు 15 నుంచి సగం సీట్లతో తెరవనిచ్చారు. ఆరేడు నెలలు టికెట్ లేదు, పాప్‌కార్న్ లేదు. అప్పటికి పివిఆర్, ఐనాక్స్ వేరువేరు కంపెనీలు. పివిఆర్ జీతాలు కోసింది. సిబ్బందిని తగ్గించింది. పివిఆర్ షేరు మాటేమిటి? ఆ ఏడు ఫిబ్రవరిలో 2,000 దాటి ఉన్న షేరు, మే నెలకి అందులో సగం కూడా లేకుండా పడిపోయింది. ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకోండి. ఆ కంపెనీలోనే ఉద్యోగం. కంపెనీ మీద ప్రేమతో మిగిలిన జీతం పెట్టి ఆ కంపెనీ షేర్లే కొన్నాడు. జీతం తగ్గిన నెలలోనే పొదుపు కూడా సగమైంది. అమ్ముకుందామంటే నష్టం. అమ్మకపోతే ఇంటికి పంపడానికి డబ్బు లేదు.

అందుకే చెప్తున్నాను. వరుసలో ముందు నిలబడండి, లేదా ఆఖర్న నిలబడండి. ఒకే వరుసలో రెండు చోట్లా నిలబడకండి. జీతం వచ్చే కంపెనీలో పొదుపు పెట్టకండి. సినిమా హాల్లో పనిచేసే పిల్లాడు తన పొదుపుని పోస్టాఫీసులోనో, బ్యాంకులోనో, సినిమాతో సంబంధం లేని చోట పెట్టుకోవాలి. షేరు మీద మనసుంటే అతను వేరే రంగం కంపెనీ చూసుకోవాలి. అది కూడా ఐదారేళ్ళ పాటు అవసరం పడని డబ్బుతోనే.

వినోద కంపెనీలన్నీ ఒకలా ఉండవు. జెమిని టీవీ నడిపే సన్ టీవీ నెట్‌వర్క్ ఉంది. సన్‌రైజర్స్ హైదరాబాద్ క్రికెట్ జట్టు కూడా వాళ్ళదే, 2012 నుంచి. దానికి మాల్ అద్దెల బరువు లేదు, లాభంలోంచి డివిడెండ్ పంచే అలవాటుంది. కానీ 75 శాతం వాటా మారన్ కుటుంబం చేతిలో ఉంది. అంటే నిర్ణయాలన్నీ వాళ్ళవే. ప్రకటనల డబ్బు టీవీ నుంచి ఫోన్ల వైపు వెళ్తున్న కాలం కూడా ఇది. రామోజీ ఫిల్మ్ సిటీ ఇంకో రకం. 1996 నుంచి నడుస్తోంది. ఎంతోమందికి ఉద్యోగాలిచ్చింది. కానీ దాని షేరు బజారులో లేదు. అక్కడ ఉద్యోగం దారి మాత్రమే ఉంది, షేరు దారి లేదు. ఎవరైనా వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఫిల్మ్ సిటీ షేర్లు ఇప్పిస్తామంటే అది మోసం. డబ్బు పంపకండి.

పివిఆర్ ఐనాక్స్ ఇవాళ్టి షేరు ధర నేను చెప్పను. అది రోజూ మారుతుంది. కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. కంపెనీ మూడు నెలలకోసారి ఫలితాలు ప్రకటిస్తుంది. అందులో మూడు అంకెలు వెతకండి. ఎంతమంది ప్రేక్షకులు వచ్చారు? అప్పు తగ్గిందా పెరిగిందా? ఖర్చులన్నీ పోగా చివర్న ఎంత మిగిలింది? మళ్ళీ చెప్తున్నాను. ప్రేక్షకులు, అప్పు, మిగులు. ఒక్క మంచి సినిమా వచ్చిన మూడు నెలలు చూసి ఆగిపోకండి. కనీసం ఎనిమిది ఫలితాలు, అంటే రెండేళ్ళవి, పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు అర్థం కాకపోతే మీ ఊళ్ళో కామర్సు చదివిన పిల్లల్ని కూర్చోబెట్టి చదివించండి. వాళ్ళకీ చదువు పనికొస్తుంది.